మైదానంలో మాస్టారు

ఆట బాగా ఆడడం ఒక విద్య. ఆ ఆటను ఇంకొకరికి నేర్పడం మరొక విద్య. ఈ రెండు విద్యలూ ఒక మనిషిలో కుదరడం అరుదు. ఆ అరుదైనవారిలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. తాను ఆడిన ఆటను బడి పిల్లలకు, పోలీసు కానిస్టేబుళ్లకు, చివరకు భారత జట్టుకు నేర్పి, ఆసియా క్రీడలలో దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చిపెట్టిన ఉపాధ్యాయుడాయన. ఆటగాళ్లు ఆయనను ప్రేమతో రహీం సాబ్ అని పిలిచేవారు. మన దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుంచి 1962 వరకు గడిచిన కాలాన్ని స్వర్ణయుగం అంటారు. ఆ యుగం మొదట్లోనూ, చివరలోనూ జట్టు వెనుక నిలబడి ఉన్న గురువు ఆయనే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదు నగరంలో జన్మించారు. అప్పుడు హైదరాబాదు నిజాం సంస్థానానికి రాజధాని. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ మాట్లాడే ప్రజలు ఆ సంస్థానంలో కలిసి నివసించేవారు. నగరాన్ని ఆనుకొని ఉన్న సికింద్రాబాదులో ఆంగ్లేయ సైన్యం ఉండేది. ఆ సైనికులు ఆడే ఫుట్‌బాల్ ఆట క్రమంగా ఊరి పిల్లలకు కూడా అలవాటయింది. ఈ ఆటకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఒక బంతి, కొంచెం ఖాళీ స్థలం ఉంటే చాలు. అందుకే పేదవారి పిల్లలు, ఉన్నవారి పిల్లలు ఒకే మైదానంలో కలిసి ఆడేవారు. రహీం కూడా ఆ విధంగానే బంతి వెంట పరుగెత్తడం నేర్చుకున్నారు.

ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. ఆ రోజులలోనే నగరంలోని మేలైన ఆటగాళ్లలో ఒకరిగా పేరు తెచ్చుకున్నారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి నడుపుకొన్న ఎలెవెన్ హంటర్స్ జట్టు తరఫున ఆడారు. తరువాత స్థానిక పోటీలలో పేరున్న ఖమర్ క్లబ్బులో చేరారు. ఆట మీద ఎంత మక్కువ ఉన్నా, జీవనానికి ఆయన ఎంచుకొన్నది ఉపాధ్యాయ వృత్తి. నగరంలోని పాఠశాలలలో పాఠాలు చెప్పేవారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యతను తన మీద వేసుకొన్నారు. పగలు నల్లబల్ల ముందు, సాయంకాలం మైదానంలో ఆయన ఉపాధ్యాయుడే.

మంచి ఉపాధ్యాయుడు పిల్లవాడికి వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చెప్పించి సంతోషించడు. రాని పాఠం ఏదో కనిపెట్టి, దాని దగ్గర కూర్చోబెడతాడు. రహీం మైదానంలో చేసిన పని అదే. అప్పటి ఆటగాళ్లలో చాలామంది బంతి దొరికిందంటే దానిని విడిచేవారు కారు. ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని తప్పించుకొంటూ ఒంటరిగా ముందుకు సాగిపోయేవారు. చూసేవారు చప్పట్లు కొట్టేవారు. కాని నాలుగవవాడు వచ్చి బంతిని తన్నుకుపోయేవాడు. పక్కనే ఖాళీగా నిలబడి ఉన్న సహచరుడికి బంతి అందేది కాదు. మరికొందరికి ఒక కాలితోనే బంతిని తన్నడం అలవాటు. రెండవ కాలు పరుగెత్తడానికే తప్ప ఆటకు పనికివచ్చేది కాదు. ప్రత్యర్థి ఆ సంగతి కనిపెట్టాడంటే ఆ ఆటగాడి పని అయిపోయినట్లే.

1943లో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఈ లోపాలను సరిదిద్దే అవకాశం అప్పుడు ఆయన చేతికి వచ్చింది. మందలింపులతో, ఉపన్యాసాలతో అలవాట్లు మారవని ఆయనకు తెలుసు. అందుచేత ఆటలోనే పాఠాన్ని ఇమిడ్చారు. కొత్త రకం పోటీలు ఏర్పాటు చేశారు. ఒక పోటీలో ఆటగాడు బంతిని తన దగ్గర ఉంచుకొని ఒంటరిగా ముందుకు సాగకూడదు. బంతి అందిన వెంటనే సహచరుడికి అందించాలి. ఇంకొక పోటీలో బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడి కాలితో ఆడాలి. మొదట్లో బంతి ఒకవైపు తన్నితే ఇంకొకవైపు పోతుంది. చూసేవారికి నవ్వు వస్తుంది. కాని కొంతకాలానికి ఆ బలహీనమైన కాలు కూడా బంతి మాట వింటుంది. ఇలా శిక్షణ పొందిన హైదరాబాదు ఆటగాళ్లు రెండు కాళ్లతో ఆడగలవారుగా, బంతిని నేల మీద చకచకా అందించుకోగలవారుగా పేరు పొందారు.

1950లో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ రోజులలో దేశమంతటా ఫుట్‌బాల్ అంటే కలకత్తా జట్లే గుర్తుకు వచ్చేవి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బుల పేర్లు తెలియనివారు ఉండేవారు కారు. దక్షిణాది నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు వాటి సరసన నిలుస్తుందని ఎవరూ అనుకోలేదు. అయితే ఆ ఒక్క సీజనులోనే ఆ జట్టు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును, ఢిల్లీలో జరిగిన డ్యూరండ్ కప్పును గెలుచుకొంది. డ్యూరండ్ కప్పు తుది పోటీలో ఓడిన జట్టు సాక్షాత్తు మోహన్ బగానే. ఆ తరువాత రోవర్స్ కప్పు హైదరాబాదును విడిచి వెళ్లలేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు ఆ కప్పును పోలీసు జట్టే గెలిచింది. డ్యూరండ్ కప్పును కూడా రహీం శిక్షణలో ఆ జట్టు 4 సార్లు గెలుచుకొంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి పోలీసు జట్టు ఆటగాళ్లు ఒలింపిక్ క్రీడలలో దేశం తరఫున ఆడే స్థాయికి ఎదిగారు.

రహీం ప్రతిభను గుర్తించి భారత జట్టు బాధ్యతను కూడా ఆయనకు అప్పగించారు. 1951 మార్చి నెలలో మొదటి ఆసియా క్రీడలు మన రాజధాని ఢిల్లీలో జరిగాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. శైలేన్ మన్నా నాయకత్వంలో మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘానిస్థాన్‌ను 3-0 తేడాతో ఓడించింది. తుది పోటీలో ఇరాన్ ఎదురైంది. మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో భారత జట్టు గెలిచి బంగారు పతకం సాధించింది. రహీం పేరు దేశమంతటా వినిపించింది.

కాని గెలుపు కప్పిపుచ్చిన లోపాలను ఓటమి బయటపెడుతుంది. 1952లో ఫిన్లాండు దేశపు రాజధాని హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. మన జట్టు మొదటి ఆటలోనే యుగోస్లావియాను ఎదుర్కొంది. ఆ రోజులలో మన ఆటగాళ్లలో చాలామందికి బూట్లు లేకుండా ఆడడం అలవాటు. బూట్లు కొనలేక మాత్రమే కాదు. ఉత్త కాలికి బంతి బాగా లొంగుతుందని వారి నమ్మకం. 1911లో మోహన్ బగాన్ జట్టు దాదాపు అందరూ ఉత్త కాళ్లతోనే ఆడి, బూట్లు తొడుక్కొన్న ఆంగ్లేయ సైనికుల జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచింది. ఆ విజయం తరువాత ఉత్త కాళ్ల ఆట ఒక గర్వకారణమైంది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్లు, బూట్లు అక్కరలేదనే మాట మీద చాలామంది నిలబడ్డారు.

హెల్సింకి మైదానం ఆ మాట వినలేదు. అక్కడి చల్లని వాతావరణం మనవారికి అలవాటు లేదు. ఎదుట నిలిచినవారు బూట్లు తొడుక్కొని, వేగంగా, బలంగా ఆడేవారు. ఒకటి తరువాత ఒకటిగా గోళ్లు పడ్డాయి. ఆట ముగిసేసరికి యుగోస్లావియా 10 గోళ్లు చేసింది. మన జట్టుకు దక్కింది అహ్మద్ ఖాన్ చేసిన ఒక్క గోలు. నిన్న ఆసియా విజేత అయిన జట్టు నేడు మొదటి మెట్టు మీదే జారిపడింది.

ఇటువంటి ఓటమి తరువాత మనుషులు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు చలిని, నేలను, అదృష్టాన్ని నిందిస్తారు. కొందరు తమ పద్ధతిలో లోపం ఎక్కడ ఉందో వెదుకుతారు. రహీం రెండవ కోవకు చెందినవారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. బూటు తొడిగితే పాదానికి బంతి స్పర్శ తెలియదు. అలవాటైన ఆటను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. బలహీనమైన కాలికి బుద్ధి చెప్పిన ఉపాధ్యాయుడికి ఇది కొత్త పని కాదు. ఆయన మళ్లీ మొదటి పాఠం నుంచి ప్రారంభించారు.

ఆయన దృష్టి బూట్లతో ఆగలేదు. ఆటగాళ్లను మైదానంలో నిలబెట్టే తీరు కూడా మారాలని గ్రహించారు. పాత పద్ధతిలో వెనుక ఇద్దరు రక్షకులు, మధ్యలో ముగ్గురు, ముందు వరుసలో ఐదుగురు ఉండేవారు. ప్రత్యర్థి వేగంగా దూసుకువస్తే వెనుక ఉన్న ఇద్దరు ఏమి చేయగలరు? అప్పట్లో ప్రపంచంలో హంగరీ దేశపు జట్టు ఆటకు సాటి లేదు. 1953లో ఆ జట్టు ఇంగ్లాండును లండన్ నగరంలోనే 6-3 తేడాతో ఓడించింది. హంగరీ జట్టులో ముందు వరుస మధ్యలో ఉండవలసిన ఆటగాడు కొంచెం వెనుకకు జరిగి నిలబడేవాడు. అతడి వెంట పోవాలో, తన చోటనే నిలవాలో ప్రత్యర్థి రక్షకుడికి తోచేది కాదు. ఆ తికమకలో దారి తెరుచుకొనేది. రహీం ఈ పద్ధతిలోని కీలకాన్ని పట్టుకొని మన ఆటగాళ్లకు నేర్పారు. తరువాతి కాలంలో వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరికను కూడా మన దేశంలో అలవాటు చేసినవారిలో ఆయన ముఖ్యులు.

ప్రతిభ ఎక్కడ ఉన్నా గుర్తించడం రహీం సాబ్‌కు ఉన్న మరొక గుణం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే యువకుడు ఉండేవాడు. తమిళనాడు నుంచి వచ్చి స్థిరపడిన పేద కుటుంబం అతడిది. అతడి ఆటను రహీం చూశారు. హైదరాబాదులో శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం వచ్చి పోవడానికి ఆ యువకుడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు కావలసిన డబ్బు రహీమే సర్దుబాటు చేశారు. ఆ యువకుడు 20 ఏళ్ల వయస్సులోనే ఒలింపిక్ ఆటగాడయ్యాడు. మన దేశం కన్న గొప్ప ఫుట్‌బాల్ ఆటగాళ్లలో బలరాం పేరును నేటికీ చెప్పుకొంటారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. ఆ నెలలోనే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యాయి. సమర్ బెనర్జీ నాయకుడుగా వెళ్లిన భారత జట్టులో రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. డిసెంబరు 1న మన జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాతో తలపడింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్లు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో 3 గోళ్లు చేసిన మొదటి ఆసియావాసి అతడే. భారత జట్టు 4-2 తేడాతో గెలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియాయే. నాలుగేళ్ల క్రితం 10 గోళ్లతో అవమానించిన జట్టు అది. ఈసారి మొదటి గోలు చేసింది మనవారు. నెవిల్ డిసౌజా కొట్టిన ఆ గోలుతో కొద్దిసేపు భారత జట్టు ముందంజలో నిలిచింది. చివరకు యుగోస్లావియా 4-1 తేడాతో గెలిచింది. మూడవ స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి మనవారు నాలుగవ స్థానంతో తిరిగివచ్చారు. పతకం దక్కలేదు. కాని 10-1 నుంచి 4-1కి, మొదటి ఆటలో ఓటమి నుంచి సెమీఫైనల్‌కు వచ్చిన దూరం చిన్నది కాదు. ఆ దూరమే రహీం నాలుగేళ్లు చెప్పిన పాఠానికి వచ్చిన ఫలితం.

1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలకు పి.కె. బెనర్జీ నాయకుడుగా మన జట్టు వెళ్లింది. బలమైన హంగరీ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడింది. ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచింది. పెరూ చేతిలో 3-1 తేడాతో ఓడడంతో ముందుకు పోలేకపోయింది. ఈ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. తండ్రి శిక్షకుడు, కొడుకు జట్టు సభ్యుడు. ఒలింపిక్ మైదానంలో ఒక్కసారైనా ఆడాలని ఏ ఆటగాడికి ఉండదు? కాని ఆ క్రీడలలో హకీంకు ఒక్క ఆట కూడా ఆడే అవకాశం రాలేదు. జట్టు అవసరమే ఆ శిక్షకుడికి ముఖ్యమైంది. హకీం తండ్రి అడుగుజాడలలోనే నడిచి, తరువాత శిక్షకుడుగానూ, అంతర్జాతీయ రిఫరీగానూ పేరు పొందాడు.

రహీం జీవితంలో అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1962లో వచ్చింది. ఆ సంవత్సరం ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణించింది. ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను లోలోపల తినివేస్తూ ఉంది. అయినా జట్టును విడిచిపెట్టలేదు.

ఆ జట్టును చూస్తే భారతదేశాన్ని చూసినట్లే ఉండేది. నాయకుడు చునీ గోస్వామి, అరుణ్ ఘోష్ బెంగాల్‌వారు. జర్నైల్ సింగ్, త్రిలోక్ సింగ్ పంజాబీలు. చంద్రశేఖర్ కేరళీయుడు. ఫ్రాంకో గోవా వాడు. బలరాం, యూసుఫ్ ఖాన్ హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో పెరిగినవారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా మొదట సికింద్రాబాదు క్లబ్బులలోనే ఆడి, తరువాత సైన్యంలో మద్రాసు రెజిమెంటు జట్టులో పేరు తెచ్చుకొన్నవాడు. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్క భాష. మైదానంలో మాత్రం అందరికీ తెలిసిన భాష ఒక్కటే. బంతిని తన దగ్గర దాచుకోక పక్కవాడికి అందించడమే ఆ భాష.

మొదటి ఆటలో దక్షిణ కొరియా మన జట్టును 2-0 తేడాతో ఓడించింది. తరువాత మనవారు తేరుకొని థాయిలాండును 4-1, జపానును 2-0 తేడాతో ఓడించారు. థాయిలాండుతో ఆడినప్పుడు రక్షణ వరుసకు ఆయువుపట్టు అయిన జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలింది. గాయానికి 6 కుట్లు వేశారు. అంతటి ఆటగాడిని వదులుకోలేరు. అలాగని తలకు కుట్లు ఉన్నవాడిని రక్షణ వరుసలో నిలబెట్టలేరు. రహీం ఎవరూ ఊహించని ఉపాయం ఆలోచించారు. అరుణ్ ఘోష్‌ను వెనుక నిలిపి, జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపారు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో భారత జట్టు 3-2 తేడాతో గెలిచింది. చునీ గోస్వామి 2 గోళ్లు చేయగా, మూడవది జర్నైల్ సింగ్ చేశాడు.

తుది పోటీ సెప్టెంబరు 4న. ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. అంతకంటె పెద్ద ప్రత్యర్థి మరొకటి ఉంది. ఈ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానీయకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ విమర్శించారు. దానితో జకార్తా ప్రజలకు భారతదేశం మీద కోపం వచ్చింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్లు బయట తిరగడానికి కూడా జంకే పరిస్థితి ఏర్పడింది. సుమారు లక్షమంది నిండిన స్టేడియంలో మనవారి కాలికి బంతి తగిలితే చాలు, గేలి చేసే కేకలు మిన్నంటేవి. ఆ జనసముద్రంలో మన జట్టును ఉత్సాహపరచినది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లని మనవారు తరువాత కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

తుది పోటీకి ముందు రహీం తన ఆటగాళ్లను దగ్గర కూర్చోబెట్టుకొన్నారు. ఎన్నడూ తనకోసం ఏమీ కోరని గురువు ఆనాడు ఒక కానుక అడిగారు. ఆ కానుక బంగారు పతకం. ఆయన ముఖంలోని అలసట శిష్యులకు కనిపిస్తూనే ఉంది. ఆ కోరిక ఎంత దూరం నుంచి వచ్చిందో వారికి వేరే చెప్పనక్కరలేదు.

మరునాడు జ్వరం నుంచి కోలుకొన్న తంగరాజ్ గోలు ముందు నిలిచాడు. కాలి వేలికి దెబ్బ తగిలినా త్రిలోక్ సింగ్ నొప్పి ఓర్చుకొని ఆడాడు. జర్నైల్ సింగ్ కుట్లు పడిన తలతోనే ముందు వరుసలో నిలిచాడు. ఆట మొదలైన 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు చేశాడు. మరి 3 నిమిషాలకు జర్నైల్ సింగ్ రెండవ గోలు చేశాడు. గేలి చేస్తున్న స్టేడియం ఒక్కసారి మూగబోయింది. చివరి ఘడియలలో కొరియా ఒక గోలు తిరిగి చేసినా మనవారు తొణకలేదు. 2-1 తేడాతో గెలిచి బంగారు పతకం సాధించారు. గురువు అడిగిన కానుకను శిష్యులు చెల్లించారు.

స్వదేశానికి వచ్చిన తరువాత రహీం ఎక్కువ కాలం జీవించలేదు. వ్యాధి ముదిరి 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. హైదరాబాదు పోలీసు జట్టుకు, నగర ఫుట్‌బాల్ సంఘానికి, భారత జట్టుకు ఒకేసారి పెద్దదిక్కు పోయింది.

ఆయన తరువాత భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడలలో బంగారు పతకం మళ్లీ దక్కలేదు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం లభించింది. ఆ జట్టుకు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. శిక్షకులలో ఒకరు జకార్తాలో మొదటి గోలు చేసిన పి.కె. బెనర్జీ. రహీం సాబ్ దగ్గర ఆట నేర్చినవారు ఆ తరువాత నేర్పేవారయ్యారు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలకు మన పురుషుల జట్టు అర్హత పొందలేదు. ఒక్క మనిషి లేని లోటు ఎంతటిదో ఈ లెక్కలే చెబుతాయి.

రహీంకు బిరుదులు, సత్కారాలు పెద్దగా రాలేదు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని మన ప్రభుత్వం నెలకొల్పింది 1985లో. అప్పటికి ఆయన మరణించి 22 సంవత్సరాలైంది. చాలాకాలం ఆయన పేరు పాత ఆటగాళ్ల జ్ఞాపకాలలోనే నిలిచి ఉంది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలైంది. దానివల్ల కొత్త తరాలకు ఆయన పేరు మళ్లీ పరిచయమైంది.

కప్పులు కాలక్రమేణా మెరుగు తగ్గుతాయి. పాత లెక్కలను కొత్త లెక్కలు మరిపిస్తాయి. కాని రహీం ఆనాడు మైదానంలో చెప్పిన పాఠం పాతబడలేదు. ప్రతి మనిషికీ ఒక బలమైన కాలు, ఒక బలహీనమైన కాలు ఉంటాయి. బలమైన కాలితో చప్పట్లు సంపాదించడం తేలిక. బలహీనమైన కాలిని గుర్తించి, నలుగురూ నవ్వినా సిగ్గుపడక, దానికి రోజూ పని చెప్పడం కష్టం. ఆ కష్టాన్ని మొదట ఒక నగరపు పిల్లల చేత, తరువాత ఒక దేశపు జట్టు చేత ఇష్టంగా చేయించినవారు రహీం సాబ్. హెల్సింకిలో కుంగిన జట్టు జకార్తాలో తల ఎత్తి నిలిచిందంటే అందుకు కారణం అదే.